గుహ నోటి దగ్గర ఆగి చూడండి: లావోస్ యుద్ధకాలపు గుహల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది బేలం గుహలు చూసే ఉంటారు. కొలిమిగుండ్ల దగ్గర చదునైన నల్లరేగడి చేల మధ్య, బావిలోకి దిగినట్టు మెట్లు దిగి భూమి కిందికి వెళ్తాం. ఇవాళ మనం మాట్లాడుకునే గుహలూ సున్నపురాయిలోవే. ఇక్కడ మాత్రం దిగడం ఉండదు, ఎక్కడమే. పంట పొలాల మధ్య గోడలా నిటారుగా లేచిన రాతిగుట్టలు, వాటి పక్కన, సగం ఎత్తులో గుహ నోళ్లు. లావోస్ ఈశాన్య మూలన, వియత్నాం సరిహద్దుకి ఆనుకుని ఉన్న హువాఫన్ ప్రాంతం అది. ఊరి పేరు వియెంగ్ సాయ్. వియెంగ్ అంటే పట్టణం. సాయ్ అంటే మన ‘జయ’ శబ్దమే, పాళీ సంస్కృతాల దారిలో అటు వెళ్లి అలా మారింది. మన నోటితో పలికితే జయపురం.

1964 నుంచి 1973 దాకా పతేత్ లావో అనే కమ్యూనిస్టు ఉద్యమానికి ఇదే రాజధాని. చుట్టుపక్కల 480కి పైగా గుహలున్నాయి. వాటిలో ఒక దశలో దాదాపు 23,000 మంది బతికారని లెక్క. నాయకుల ఇళ్లు, సైనికుల బసలు, ఆసుపత్రి, బడి, అచ్చుయంత్రం, రేడియో స్టేషన్, రొట్టెల బట్టీ, నేత పని, నాటకశాల, అన్నీ కొండ లోపలే.

ఎందుకు దూరాల్సి వచ్చిందో క్లుప్తంగా చెప్తాను. 1954 జెనీవా ఒప్పందంతో లావోస్‌కి స్వాతంత్ర్యం ఖాయమైంది. దాని అమలు చూడటానికి వేసిన అంతర్జాతీయ కమిషన్‌కి అధ్యక్షత వహించింది మన భారతదేశమే. కెనడా, పోలండ్ సభ్యులు. ఆ ఒప్పందం నిలబడలేదు. 1962లో మళ్లీ జెనీవాలోనే తటస్థ దేశం అని రాసుకున్నారు, అదీ నిలబడలేదు. పతేత్ లావోతో పోరాడుతున్న రాజ ప్రభుత్వం పక్షాన, 1964 డిసెంబర్ 14న అమెరికా ఉత్తర లావోస్ మీద ‘బ్యారెల్ రోల్’ పేరుతో బాంబుదాడులు మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద 1973 వరకు సుమారు 5,80,000 విమాన దాడులు, 20 లక్షల టన్నులకి పైగా బాంబులు. సగటు తీస్తే తొమ్మిదేళ్ల పాటు రాత్రీ పగలూ ప్రతి ఎనిమిది నిమిషాలకి ఒక విమానం మోసే బాంబులన్నీ పడ్డట్టు.

సరే, గుహ ఉంది కదా, లోపలికి పోతే ప్రాణం దక్కుతుంది అని మనకి అనిపిస్తుంది. అలా దక్కదు. ఉత్త గుహ ఆశ్రయం అవ్వదు, దాన్ని ఆశ్రయంగా కట్టుకోవాలి. వియెంగ్ సాయ్‌లో చూడాల్సింది ఆ కట్టుబడే. అందుకే నా విన్నపం ఏంటంటే, గైడ్ తలుపు తియ్యగానే లోపలికి పరిగెత్తకండి. నోటి దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. వెనక్కి తిరిగి, గుహకి వీపు పెట్టి బయటికి చూడండి.

ఏం కనిపిస్తుంది? చాలాచోట్ల ఎదురుగా ఇంకో గుట్ట. లోయ ఇరుకు. విమానం బాంబునో రాకెట్‌నో గుహ నోటికి గురిపెట్టాలంటే కొంత దూరం తిన్నగా, కిందికి వాలుతూ రావాలి. ఎదురుగా రాతి గుట్ట అడ్డంగా ఉంటే ఆ తిన్నని దారి దొరకదు. దొరికినా కొద్ది క్షణాలే, వెంటనే ముక్కు పైకెత్తకపోతే విమానమే కొండకి కొట్టుకుంటుంది. అంటే ఎదురు గుట్ట మొదటి కాపలాదారు.

తర్వాత తల పైకెత్తండి. నోటి పైన ఎంత రాయి ఉందో చూడండి. పదుల మీటర్ల రాయి నెత్తిమీద ఉంటే పైన పడ్డ బాంబు గుట్టని గీరుతుంది, లోపలికి రాదు. సున్నపురాయికి ఒక గుణం ఉంది. వాననీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు గాలిని కలుపుకుని కాస్త ఆమ్లం అవుతాయి, పగుళ్ల వెంట రాయిని కరిగించుకుంటూ పోతాయి. గుహ పుట్టేది అలాగే. మరి ఆ పగుళ్లే బాంబు అదురుకి ఊడిపడే చోట్లు కూడా. కాబట్టి పైకప్పులో పెద్ద పగులు ఉన్న చోట పడక వెయ్యరు.

మూడోది నేల మట్టం. కింద వాగు పారే గుహలు చల్లగా, విశాలంగా ఉంటాయి. వానాకాలంలో అవే నీళ్లతో నిండుతాయి. అందుకే ముఖ్యమైన గుహల నోళ్లు వరద గీతకి పైన ఉంటాయి. కైసోన్ ఫోంవిహాన్ ఉన్న గుహ గుట్టలోకి 140 మీటర్ల దాకా పోతుంది. మెట్లు కట్టకముందు తాళ్లు పట్టుకుని ఎక్కేవారు. ఆయన పతేత్ లావో పార్టీ అధినేత. 1955 నుంచి 1992లో చనిపోయే దాకా పార్టీ ఆయన చేతిలోనే ఉంది. అక్కడ బోర్డు మీద ‘తామ్ థాన్ కైసోన్’ అని ఉంటుంది. తామ్ అంటే గుహ, థాన్ అంటే గారు. కైసోన్ గారి గుహ.

ఇప్పుడు గోడ. ఈ ఫొటో చూడండి. గుహ నోటికి కొంచెం ముందు, నోటికి అడ్డంగా, మందపాటి కాంక్రీట్ గోడ. కొత్తవాళ్లు దీన్ని గేటు కట్టి సగంలో వదిలేశారనుకుంటారు. ఇది పేలుడు గోడ. బాంబు బయట పేలినా రెండు రకాలుగా చంపుతుంది. ఒకటి ముక్కలు. అవి తిన్నగా వస్తాయి, గోడ ఆపుతుంది. రెండోది గాలి అదురు. అది బయట ఆరుబయట నలువైపులా చెదిరి బలం తగ్గుతుంది. అదే ఒక గొట్టంలాంటి గుహలోకి దూరితే చెదరడానికి చోటుండదు, బలం తగ్గకుండా లోపలిదాకా పోతుంది. చెవి కర్ణభేరి, ఊపిరితిత్తులు పోయేది దీనివల్లే. ముందు గోడ కట్టి, మనిషి పక్కనుంచి తిరిగి లోపలికి రావాల్సినట్టు చేస్తే ఆ అదురు మలుపు దగ్గర విరుగుతుంది. లోపల దారిలో మళ్లీ మళ్లీ వంకరలు, అడ్డుగోడలు కనిపించేదీ అందుకే. సహజంగా మలుపు లేని చోట మందుగుండు పెట్టి రాయి పగలగొట్టి మలుపు తెచ్చారు. రెండో దారి కూడా తవ్వారు, ఒక నోరు కూలినా ఇంకోటి ఉండాలని.

ఇక్కడ ఒక మాట. ఈ ఉద్యమానికి బయటి ప్రపంచానికి తెలిసిన ముఖం రాజకుమారుడు సుఫానువోంగ్. రాజవంశీకుడే, వియంటియాన్‌లోని రాజ ప్రభుత్వంలో ప్రధానిగా ఉన్న సువన్న ఫూమాకి సవతి తమ్ముడు. ఆయన చదివింది పారిస్‌లో సివిల్ ఇంజనీరింగ్. వియత్నాంలో రోడ్లు, వంతెనలు కట్టించిన మనిషి. ఆయన గుహ ముందు తోటలో ఒక చిన్న స్తూపం ఉంది. 1967లో శత్రువులు చంపిన పెద్ద కొడుకు గుర్తుగా కట్టింది. గుంపులో వెళ్లేవాళ్లు దాన్ని దాటిపోతుంటారు. దయచేసి అక్కడ ఒక నిమిషం నిలబడండి.

లోపలికి వెళ్దాం. చెక్క అడ్డుగోడలతో గదులు, సున్నం వేసిన గోడలు, బల్ల, కుర్చీలు, సమావేశపు గది. కొన్ని గదులకి గుహ లోపలే మళ్లీ కప్పు ఉంటుంది. గుహకి కప్పు ఉండగా మళ్లీ కప్పెందుకు అంటే, సున్నపురాయి గుహ ఏడాది పొడుగునా చుక్కలు కారుతూనే ఉంటుంది. కాగితాలు నానుతాయి, బట్టలు బూజు పడతాయి, పడక తడుస్తుంది. నెలల తరబడి ఎండ తగలని మనిషికి దగ్గు, చర్మరోగాలు తప్పవు. బాంబు నుంచి కాపాడే రాయే మనిషిని నెమ్మదిగా తినేస్తుంది.

నాయకుల గుహల్లో అన్నిటికన్నా లోపల ఒక గది ఉంటుంది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మొత్తం వియెంగ్ సాయ్‌లో ఇంత బాగా ఆలోచించి చేసిన వస్తువు ఇంకోటి లేదు. చిన్న కాంక్రీట్ గది, మందపాటి ఇనుప తలుపు, లోపల మూలన సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన గాలి యంత్రం. దానికి చేత్తో తిప్పే పిడి. విషవాయువు వదిలితే అందరూ ఇందులోకి దూరి తలుపు బిగించుకోవాలి.

ఇక్కడ లెక్క వేసి చూద్దాం. నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు, ఎత్తు రెండున్నర, అంటే 50 ఘనమీటర్ల గది అనుకోండి. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 20 లీటర్ల బొగ్గుపులుసు గాలి వదులుతాడు. ఇరవై మంది ఉంటే 400 లీటర్లు. గది గాలిలో గంటకి 0.8 శాతం చొప్పున పెరుగుతుంది. నాలుగు గంటలకి మూడు శాతం దాటుతుంది. అప్పటికి తలనొప్పి, ఆయాసం, కంగారు మొదలవుతాయి. ప్రాణవాయువు అయిపోయేదాకా ఆగక్కర్లేదు, వదిలిన ఊపిరే ముందు దెబ్బ తీస్తుంది. బేలంలో ఓ గంట తిరిగితేనే ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ తలుపు బిగించలేదు కూడా.

అందుకే ఆ పిడి. తిప్పితే లోపల పంకా తిరుగుతుంది, బయటి గాలిని వడపోత డబ్బాలోంచి లాక్కుని గదిలోకి నెడుతుంది. చేత్తో ఎందుకంటే, దాడి జరిగేటప్పుడు జనరేటర్ ఆగిపోయే అవకాశమే ఎక్కువ. ఇంకో ఉపాయం కూడా ఉంది. లోపలికి గాలి నెడుతున్నంతసేపు గదిలో పీడనం బయటికన్నా కొద్దిగా ఎక్కువ ఉంటుంది. తలుపు అంచున సన్నని సందు ఉన్నా లోపలి గాలి బయటికి పోతుందే గానీ బయటి విషం లోపలికి రాదు. తిప్పడం ఆపితే ఆ కాపు పోతుంది. అంటే గదిలో ఎవరో ఒకరు వంతులవారీగా తిప్పుతూనే ఉండాలి.

ఇవి నాయకుల గుహలు. మామూలు జనానికి ఇనుప తలుపులు లేవు. ఖమ్‌తాయ్ గుహలో మూడు వేల మంది దాకా సైనికులు ఉండేవారు. ఊళ్లవాళ్లు ఇంకా చిన్న గుహల్లో, కొండ సందుల్లో. వాళ్లకి అసలు కష్టం గుహ లోపల కాదు, బయట. వరి లోపల పండదు కదా. పగలు పొలంలో మనిషి కనిపిస్తే పైనుంచి దాడి. అందుకే చీకట్లో దున్నారు, చీకట్లో నాటారు, పొగ కనిపించకుండా రాత్రిపూట వండుకున్నారు. పిల్లల బడి గుహలోనే.

ఆ పొలాల మీద పడ్డ వస్తువు గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే రేపు మీరు వెళ్లినప్పుడు మీ కాలి దగ్గర ఉండగలిగింది అదొక్కటే. గుహల కోసం పెద్ద బాంబులు, రాకెట్లు వాడారు. ఆరుబయట మనుషుల కోసం క్లస్టర్ బాంబు. ఒక పెద్ద డొల్ల గాలిలో తెరుచుకుంటుంది, లోపల్నుంచి దాదాపు 670 చిన్న గుండ్లు చెదిరిపడతాయి. లావోస్‌లో వీటిని ‘బాంబీ’ అంటారు. ఒక్కోటి టెన్నిస్ బంతి అంత. ఉక్కు డొక్కు, దాని గోడలోనే పొదిగిన సుమారు 300 చిన్న ఉక్కు గుళ్లు, మధ్యలో మందు. డొక్కు మీద ఎత్తుగా గీతల్లాంటి రెక్కలుంటాయి. పడేటప్పుడు గాలి వాటికి తగిలి గుండు గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడుతోనే లోపలి మీట విడిపోయి పేలడానికి సిద్ధమవుతుంది. తిరుగుడు చాలకపోతేనో, బురదలోనో వెదురు పొదలోనో మెత్తగా పడితేనో పేలదు. పేలకపోతే చచ్చిపోయినట్టు కాదు. లోపలి మీట ఏ స్థితిలో ఆగిందో పైకి తెలియదు.

దేశం మొత్తం మీద ఇలాంటివి 27 కోట్లు వేశారు. 30 శాతం దాకా పేలలేదని అంచనా, అంటే ఎనిమిది కోట్లు. యుద్ధం ముగిశాక వీటివల్ల చనిపోయిన, గాయపడ్డవాళ్లు 20,000కి పైమాటే. బంతి అనుకుని తీసుకున్న పిల్లలు వాళ్లలో చాలామంది. ఏరివేతకి 1996లో ప్రభుత్వమే ‘యూఎక్స్ఓ లావో’ అనే సంస్థ పెట్టింది, విదేశీ సంస్థలూ పని చేస్తున్నాయి. ఇంకా అయిపోలేదు.

కాబట్టి నియమాలు, ఇవి మాత్రం రాసుకోండి. అరిగిన దారి మీదే నడవండి. ఫొటో కోసం గట్టు దిగకండి. మూత్రానికని పొదల్లోకి పోకండి, సందర్శకుల కేంద్రంలో బాత్‌రూమ్ వాడుకుని బయల్దేరండి. నేల మీద మంట వెయ్యకండి. భూమిలో పూడుకుపోయిన బాంబీకి పైన పొయ్యి వేడి చాలు, వంట మంటల దగ్గరే ఎన్నో ప్రమాదాలు జరిగాయి. తుప్పు పట్టిన గుండ్రని ఇనుము కనిపిస్తే ముట్టుకోకండి, రాయి విసరకండి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి గైడ్‌కి చెప్పండి. బాంబు ముక్కల్ని జ్ఞాపకంగా కొనుక్కుని సామాన్లో పెట్టుకుంటే విమానాశ్రయంలో చిక్కులు తప్పవు. గుహల చుట్టూ, వాటి మధ్య ఉన్న సందర్శకుల దారుల మీద భయం లేదు. దారి తప్పినప్పుడే భయం.

ఈ ప్రాంతం గురించి ఇంకో నిజం కూడా చెప్పాలి. 1973 ఫిబ్రవరి 21న కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. గుహల ముందు ఇప్పుడు కనిపించే ఇళ్లు ఆ తర్వాత కట్టుకున్నవి. 1975 డిసెంబర్ 2న రాజరికం రద్దయింది, సుఫానువోంగ్ మొదటి అధ్యక్షుడయ్యారు. ఆపైన ఓడిపోయిన పక్షం అధికారుల్ని, సైనికుల్ని ‘పునర్విద్య’ శిబిరాల పేరుతో ఇదే హువాఫన్‌కి తెచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. 1977లో చివరి రాజు సవాంగ్ వత్తనని కుటుంబంతో ఇక్కడికే పంపారు. ఆయన తిరిగి రాలేదు. గుహల్లో నలిగినవాళ్ల మీద గౌరవం ఉన్నవాళ్లు ఈ శిబిరాల్ని మర్చిపోవడం న్యాయం కాదు.

ప్రయాణం సంగతులు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా వియంటియాన్‌కో, లువాంగ్ ప్రబాంగ్‌కో చేరండి. 2021 డిసెంబర్‌లో మొదలైన చైనా రైలు ఈ రెండు ఊళ్లనీ కలుపుతుంది గానీ హువాఫన్ వైపు పోదు. అక్కణ్నుంచి ఫోన్‌సావన్, అక్కణ్నుంచి కొండదారిలో సామ్ నెవా. ఫోన్‌సావన్ నుంచి దూరం 240 కిలోమీటర్లే అనిపిస్తుంది, బస్సుకి ఎనిమిది గంటలు పైన పడుతుంది. దారి ఎక్కడా సూటిగా ఉండదు, వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోండి. సామ్ నెవాలో పడుకుని, పొద్దున్నే 29 కిలోమీటర్ల అవతలి వియెంగ్ సాయ్‌కి వ్యాన్‌లో వెళ్లొచ్చు. ఆలస్యం చెయ్యకండి, ఎందుకంటే గుహలకి తాళాలుంటాయి, గైడ్ వస్తేనే తీస్తారు. తీసుకెళ్లేది ఉదయం 9కి, మధ్యాహ్నం 1కి. చెవికి పెట్టుకునే ఆడియో పరికరం ఇస్తారు, అందులో అప్పటి మనుషుల మాటలే వినిపిస్తాయి. గుహకీ గుహకీ మధ్య దూరాలున్నాయి, సైకిల్ అద్దెకి తీసుకోండి. తొమ్మిది గంటల జట్టుతో వెళ్తే మధ్యాహ్నం మిగిలినవి చూడొచ్చు.

చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు. చేతిలో టార్చ్ ఉన్నా తలకి కట్టుకునేది ఇంకా మేలు, మెట్ల దగ్గర రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సామ్ నెవా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబర్, జనవరిలో రాత్రి మన అరకు చలే, స్వెటర్ తప్పనిసరి. మే నుంచి అక్టోబర్ దాకా వాన, కొండచరియలు విరిగి దారి మూసుకుపోతుంది. నవంబర్ నుంచి మార్చి మంచి కాలం. డబ్బు సామ్ నెవాలోనే తీసుకోండి. శాకాహారులు ‘కిన్ జే’ అనాలి. అయినా ‘పా దేక్’ అనే చేపల ఊరగాయ రసం కూరల్లో పడుతుంది, ‘బొ సై పా దేక్’ అని విడిగా చెప్పండి. చేతి వేళ్లకి అంటుకునే బంక అన్నం మాత్రం ఎక్కడైనా దొరుకుతుంది.

ప్రశ్న: సమయం తక్కువుంటే ఒక్క గుహే చూడమంటే ఏది?

కైసోన్ గుహ, ఆ గాలి యంత్రం కోసం. రెండోదానికి వీలుంటే సాంగ్ లోట్. సాంగ్ అంటే ఏనుగు, లోట్ అంటే దూరిపోవడం. ఏనుగు దూరేంత పెద్దది. లోపల కాంక్రీట్ నేల, రంగస్థలం, దాని ముందు వాద్యగాళ్ల కోసం తవ్విన గుంట. సోవియట్ యూనియన్, చైనా, వియత్నాం కళాబృందాలు ఇక్కడ ప్రదర్శనలిచ్చాయి. వేదిక మీద నిలబడి మామూలు గొంతుతో మాట్లాడండి, చివరి వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తుందో లేదో చూడండి.

ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, చెయ్యి వదలకుండా. పరిగెత్తే వయసు పిల్లలైతే వద్దంటాను. ఏం ముట్టుకోకూడదో ముందురోజే హోటల్లో కూర్చోబెట్టి చెప్పండి. బాంబీ బొమ్మ చూపించి చెప్పండి, అక్కడి బళ్లలో చేసేదీ అదే.

ప్రశ్న: ఇందాక గోడ, మలుపు గురించి చెప్పారు. అవి లేకపోతే ఏమవుతుందనడానికి ఉదాహరణ ఉందా?

ఉంది. తిరుగు ప్రయాణంలో ఫోన్‌సావన్ వెళ్లే దారిలో, మువాంగ్ ఖామ్ దగ్గర తామ్ పియూ అనే గుహ తగులుతుంది. బస్సు ఆగదు, సొంతంగా వాహనం మాట్లాడుకోవాలి. ఊళ్లవాళ్లు తలదాచుకున్న గుహ అది. నోరు వెడల్పు, ఎదురుగా విశాలమైన లోయ. ఇందాక చెప్పినట్టు నోటి దగ్గర నిలబడి బయటికి చూస్తే అడ్డంగా ఏ గుట్టా ఉండదు, విమానం ఎంత దూరం నుంచైనా తిన్నగా రావచ్చు. 1968 నవంబర్ 24న ఒక రాకెట్ నేరుగా లోపలికి వచ్చి పేలింది. చనిపోయింది 374 మంది అని అక్కడ లెక్క. మెట్ల కింద, చచ్చిపోయిన బిడ్డని చేతుల్లో మోస్తున్న మనిషి విగ్రహం ఉంటుంది. లోపల నేల నిండా ఇప్పటికీ రాళ్లే, రాళ్ల మీద ఎవరో వెలిగించిన అగరొత్తుల పుల్లలు. అక్కడ అడుగు చూసి వెయ్యండి, ఆ పుల్లల్ని తొక్కకండి.